ప్లగ్గు దూరితే చాలదు

పెళ్ళిళ్ళలో కలిసే చుట్టాలకి నా ఉద్యోగం ఏమిటో చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. "విమానాల దగ్గర పని" అన్నానంటే, "అయితే కాఫీలు అందిస్తావా?" అనేది మా పెద్దమ్మ. "కాదు పెద్దమ్మా, పైలట్లు మాట్లాడుకునే రేడియోలు బాగు చేస్తాను" అంటే, "రేడియోలు బాగుసేసీవోడు మన బొబ్బిలి బజార్లోనే ఉన్నాడు గదే. దానికోసం ఇంత సదువు సదవాలేటి?" అని బుగ్గలు నొక్కుకునేది.

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. రిటైరయ్యేదాకా నేను చేసింది అదే. పైకి వెళ్ళినవాడి మాట కిందికి వినబడాలి, కిందివాడి మాట పైకి వినబడాలి. మధ్యలో ఉన్న తీగలు, పెట్టెలు, ప్లగ్గులు నా పూచీ. అన్నీ బాగున్నన్నాళ్ళు నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. అదే నా పనికి మెప్పు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. "మీ సర్వీసులో అన్నిటికన్నా పెద్ద పని ఏది మేడమ్?" అని అడుగుతారు. కొత్తరకం తెరలు బిగించిన కథో, రాడార్ కథో చెబుతాననుకుంటారు. నేను హెడ్‌సెట్ల కథ చెబుతాను. ఒకరిద్దరికి నీరసం వస్తుంది. వినండి, ఆ తర్వాత మీ ఇష్టం.

విజయనగరం జిల్లాలో ఒక పాత రన్‌వే మీద మా చిన్న కంపెనీ నడిచేది. ఒక హెలికాప్టరు, ఒక నాలుగు సీట్ల విమానం, గుప్పెడు మంది మనుషులు. ఎవరి పేరూ ఇక్కడ రాయను. ఉన్నవాళ్ళు మొహమాటపడతారు, లేనివాళ్ళు జవాబు చెప్పుకోలేరు. కెప్టెన్ హైదరాబాద్ నుంచి వచ్చినవాడు. తక్కువ మాటలు, ఎక్కువ కనుబొమలు. నచ్చకపోతే కనుబొమ ఒకటి పైకి లేచేది, అంతే. అతని కింద కొత్తగా చేరిన కుర్ర పైలట్ ఒకడు. వాడికి ఏ మీట చూసినా తిప్పాలనిపించేది. ఇక మా స్టోర్‌కీపరు. పాతపట్నం మనిషి, ఒరియా, తెలుగు కలిపి తిట్టగలడు, కలిపి ముద్దు చేయగలడు. నన్ను సెల్లెమ్మా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. ఆయన స్టోర్లో దొరకని వస్తువు లేదు. అది ఎందుకుందో ఆయనకి తెలియకపోవచ్చు గానీ, ఉండటం మాత్రం ఖాయం.

కథ తెలియాలంటే ఒక్క సంగతి చెప్పాలి. ఈ పనిలో ఉన్నవాళ్ళు ఈ పేరా దాటేయవచ్చు.

హెలికాప్టరులో వాడే హెడ్‌సెట్‌కి చివర ఒకటే లావుపాటి ప్లగ్గు ఉంటుంది. వినేదీ మాట్లాడేదీ రెండూ అందులోంచే. మామూలు చిన్న విమానంలో రెండు ప్లగ్గులు. చెవికొకటి, నోటికొకటి. అందుకని హెలికాప్టరు హెడ్‌సెట్‌ని విమానంలో పెట్టాలంటే మధ్యలో అడాప్టర్ కావాలి. ఒకవైపు ఒక ప్లగ్గు తీసుకుని, రెండోవైపు రెండుగా చీలే చిన్న వైరు అది. ఇంకో తేడా కూడా ఉంది. హెలికాప్టరులో సాకెట్టు నెత్తిమీద ఉంటుంది కాబట్టి దాని వైరు పొట్టిగా, స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. ఎంత లాగితే అంత వెనక్కి గుంజుతుంది. ఇంతే. ఇక కథ.

ఆ యేడు తుపాను మా తీరం దాకా వచ్చి, దాటకుండా సముద్రంలోనే పక్కకి తిరిగిపోయింది. గాలి కన్నా వాన ఎక్కువ చేసింది. మా షెడ్డులోకి నీళ్ళు వచ్చేశాయి. హెలికాప్టరు అప్పటికే విప్పి ఉంది, గేర్‌బాక్స్ తనిఖీ కోసం సగం ఒళ్ళు బల్లల మీద పరచుకుని కూర్చుంది. విమానం ఎత్తు మీద కట్టేసి ఉంది కాబట్టి బతికింది. కానీ విమానం హెడ్‌సెట్లు కింది అరలో ఉండేవి. పొద్దున్న షెడ్డు తీసేసరికి నాలుగూ బురద నీళ్ళలో ఈదుతున్నాయి. ఎత్తి పట్టుకుంటే చెవి దొప్పల్లోంచి ఎర్రటి నీళ్ళు ధారగా కారాయి.

"ఎండలో ఎట్టీసి ఆరబెట్టుదుము సెల్లెమ్మా, పర్లేదు" అన్నాడు స్టోర్‌కీపరు.

"ఎండ ఎక్కడున్నాది అన్నయ్యా?" అన్నాను. ఇద్దరం ఆకాశం కేసి చూశాం.

ఆ మాట మీద ఉండగానే కెప్టెన్ ఫోన్ మోగింది. కళింగపట్నం నుంచి వేటకి వెళ్ళిన పడవల్లో ఒకటి తిరిగి రాలేదు. అందులో ఐదుగురు. ఇంజను ఆగిపోయిందని వాళ్ళు పక్క పడవ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పారట, ఆ తర్వాత సిగ్నల్ లేదు. పెద్ద గస్తీ ఓడ లోపలి సముద్రంలో వెతుకుతోంది. ఒడ్డుకి దగ్గరగా పైనుంచి చూడటానికి ఏ విమానమైనా దొరుకుతుందా అని జిల్లా అధికారులు అడుగుతున్నారు.

కెప్టెన్ ఫోన్ పెట్టేసి నాకేసి చూశాడు. "విమానం నేను చూసుకుంటాను. మాటలు మీరు చూసుకోండి."

ఒకే ఇంజను విమానం. లోపల ఆ హోరులో పక్కవాడి చెవిలో అరిచినా వినబడదు. వెతకడానికి వెళ్ళేవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోలేకపోతే వెళ్ళి లాభం లేదు. కనిపించింది అని వెనక సీట్లో మనిషి చెప్పేసరికి విమానం ఎంతో దూరం దాటిపోతుంది.

స్టోర్‌కీపరు అప్పటికే నిచ్చెన ఎక్కేశాడు. హెలికాప్టరు హెడ్‌సెట్లు ఆయన గోడకి ఎత్తున మేకులకి తగిలించి ఉంచేవాడు. నాలుగు దించాడు. తర్వాత స్టోర్లోకి వెళ్ళి, డబ్బాలు తిరగేసి, నాలుగు అడాప్టర్లు పట్టుకొచ్చాడు. హెలికాప్టరూ విమానమూ రెండూ నడిపే పైలట్లు ఒకే హెడ్‌సెట్‌తో సరిపెట్టుకోవచ్చని ఎప్పుడో తెప్పించి, ఎవరూ వాడక మూలపడ్డవి.

"సూడు! నాను ఏదీ పారబొయ్యను. ఎందుకు దాస్తావురా అని అందరూ నవ్వీవోలు" అని ఆ అడాప్టర్లని పూలదండలా మెడలో వేసుకుని నిలబడ్డాడు.

నేను రేడియో పెట్టె వెనక కనెక్టర్లు తుడిచి ఆరబెడుతున్నాను. హెడ్‌సెట్లు బిగించే పని ఆయనా, కుర్ర పైలట్టూ చేశారు. నాలుగూ చక్కగా దూరాయి. ఆ దూరడం చూసి ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

అంతలో తహశీల్దారు ఆఫీసు జీపు వచ్చి ఆగింది. అందులోంచి ఒక ఆడమనిషి దిగింది. నలభై ఏళ్ళుంటాయేమో. చీర కొంగు నడుముకి బిగించి ఉంది, కాళ్ళకి చెప్పుల్లేవు. పడవ ఆమె భర్తది. పడవలో భర్త, మరిది, మరో ముగ్గురు ఉన్నారు. జీపులో వచ్చిన గుమాస్తా కెప్టెన్‌ని పక్కకి పిలిచి, "నీలం పడవలు సముద్రం నిండా ఉంటాయి సార్. తమ పడవ తను గుర్తుపడతానంటోంది. వద్దంటే వినడం లేదు" అన్నాడు.

కెప్టెన్ ఆమెనే అడిగాడు. "ఎలా గుర్తుపడతావమ్మా?"

"పైన కప్పిన పరదా నానే కుట్టినాను బాబూ. సినిగిన కాడల్లా నా పసుప్పచ్చ సీర ముక్కలు ఏసి కుట్టినాను. ఆకాసం నుంచి సూసినా నా కుట్టు నాకు తెలీదేటి?"

కెప్టెన్ కనుబొమ లేవలేదు. "ఎప్పుడైనా విమానం ఎక్కావా?"

"బస్సెక్కితేనే వాంతి వస్తాది నాకు. అయినా వస్తాను."

"రా" అన్నాడు.

ఇంజను స్టార్ట్ చేసి మాటలు పరీక్షించడానికి కెప్టెన్, కుర్ర పైలట్ ముందు కూర్చున్నారు. వెనక సీట్లలో నేనూ, స్టోర్‌కీపరూ. అందరం హెడ్‌సెట్లు పెట్టుకున్నాం. కెప్టెన్ ఏదో అన్నాడు. నూతిలోంచి ఎవరో మూలిగినట్టు వినబడింది. కుర్ర పైలట్ వాల్యూమ్ మీట చివరిదాకా తిప్పాడు. మూలుగు కొంచెం పెద్దదైంది, మాట కాలేదు. రన్‌వే పక్క రేడియో గదిలో ఉన్నవాణ్ణి పిలిస్తే, "ఏం చెప్తున్నారో తెలియడం లేదు, మళ్ళీ చెప్పండి" అన్నాడు. అది కూడా మాకు సగమే వినబడింది.

కెప్టెన్ ఇంజను ఆపేశాడు.

"నీళ్ళు రేడియోలోకి వెళ్ళాయి" అన్నాడు కుర్ర పైలట్. "పెట్టె విప్పాలి."

పెట్టె విప్పితే ఆ రోజు గడిచిపోయినట్టే. కెప్టెన్ జీపు దగ్గర నిలబడ్డ ఆడమనిషి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "మేడమ్, ఇంకెవరినైనా అడగమని ఫోన్ చేసి చెప్పమంటారా?"

రేడియో వెనక నేను ప్రతి పిన్నూ వేలితో తడిమి చూశాను. పొడిగా ఉంది. రేడియో చెడిపోతే దాని చావు వేరుగా ఉంటుంది. గరగర వస్తుంది, లేదా అసలేమీ రాదు. ఇలా అందరి చెవుల్లోనూ ఒకేసారి నీరసం రాదు. నీరసం వచ్చిందంటే ఎవరో తాగేస్తున్నారు.

"ఫోన్ చెయ్యకండి సార్. ఒక్కసారి బ్యాటరీ ఆన్ చెయ్యండి, ఇంజను వద్దు" అన్నాను.

రేడియో గదివాణ్ణి ఆపకుండా మాట్లాడుతూ ఉండమని ఫోన్లో చెప్పించి, ఒక్కొక్క ప్లగ్గూ పీకడం మొదలుపెట్టాను. ముందు నాది పీకాను. మార్పు లేదు. మళ్ళీ పెట్టి, కుర్ర పైలట్‌ది పీకాను. మార్పు లేదు. స్టోర్‌కీపరుది పీకాను. కెప్టెన్ ఒక్క ఉలుకు ఉలికి రెండు చేతుల్తో చెవులు పట్టుకున్నాడు. వాల్యూమ్ మీట చివర్న ఉంది కదా, రేడియో గదిలోవాడు దగ్గడం కూడా ఉరిమినట్టు వినబడింది.

దొంగ దొరికాడు. పైకి చూడటానికి మిగతా మూడింటికీ కవలపిల్లలా ఉంది. అదే నలుపు, అదే ప్లగ్గు. కానీ అది మా హెలికాప్టరుది కాదు. సైన్యంలో హెలికాప్టర్లు నడిపి రిటైరై, కొన్నాళ్ళు మా దగ్గర పనిచేసిన ఒక పెద్దాయన వెళ్ళిపోతూ జ్ఞాపకంగా వదిలిపెట్టిన హెడ్‌సెట్. దాన్ని కూడా మిగతావాటి పక్కన అదే వరుస మేకుకి తగిలించారు. సైన్యం హెడ్‌సెట్లకి, మన మామూలు వాటికి ఇంపీడెన్స్, అంటే కరెంటుని అడ్డగించే గుణం, వేరు. వీధి కుళాయిల లైన్లో పల్లంలో ఉన్న ఇంటివాళ్ళు పెద్ద గొట్టం తిప్పితే మెరకన ఉన్న ఇళ్ళకి నీళ్ళు ఎక్కవు చూడండి, అదీ సంగతి. ఆ ఒక్కటీ వచ్చిన శబ్దమంతా తాగేసి, మిగతా ముగ్గురినీ ఎండగట్టింది. పైగా దాని మైకు మాట విమానం రేడియోకి సరిపోయేంత బలంగా రాదు.

స్టోర్‌కీపరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దూరింది గదా సెల్లెమ్మా? దూరినాక ఇంకేటి?"

"దూరితే చాలదు అన్నయ్యా. మనకీ మన వియ్యపురాలికీ ఒకే ఇంట్లో చోటు ఉంటాది. ఇమడొద్దా?"

ఆయన నవ్వాడు. నవ్వేసి, ఆ హెడ్‌సెట్‌ని తీసుకెళ్ళి వేరే గోడకి, వేరే మేకుకి తగిలించి వచ్చాడు.

ఇప్పుడు మూడున్నాయి. కావలసినవి నాలుగు. కెప్టెన్ అడిగాడు, "దీంట్లో ఏదైనా టంకం వేసి, రెసిస్టరో ఏదో పెట్టి, నడిచేట్టు చెయ్యలేరా మేడమ్?"

చెయ్యగలను. అడాప్టర్లో ఒక చిన్న ముక్క అతికిస్తే మిగతావాళ్ళ శబ్దం తగ్గకుండా ఆపవచ్చు. పెట్టుకున్నవాళ్ళకి వినబడుతుంది కూడా. కానీ వాళ్ళ మాట బయటికి పోదు. మాట పోతుందనుకుని మాట్లాడే మనిషి, పోదని తెలిసిన మనిషి కన్నా ప్రమాదం. పైగా నేను తొందరలో చేతికొచ్చినట్టు అతికినదాన్ని నలుగురు మనుషుల్ని మోసుకుని సముద్రం మీదికి పోయే విమానంలో పెట్టను. ఆ మాటే చెప్పాను. పిల్లలూ, మీకు ఎవరైనా ఎప్పుడైనా "చెయ్యగలరా?" అని అడిగితే, దాని పక్కనే "చెయ్యవచ్చా?" అనే ప్రశ్న కూడా ఉంటుంది. వాళ్ళు అడగరు. మీరే అడుక్కోవాలి.

"అయితే నాలుగో సీటు ఖాళీనా?" అన్నాడు కెప్టెన్.

"కాదు. ఆ సీట్లో నేను వస్తాను. చెవుల్లో దూది పెట్టుకుంటాను. కుడి కిటికీ నేను చూస్తాను. కనబడితే కుర్రాడి భుజం తడతాను."

నిజం చెప్పాలంటే, కిటికీ ఒక్కటే కారణం కాదు. ఆ ఆడమనిషి హెడ్‌సెట్ వైరు నన్ను వేధిస్తోంది. సాకెట్లు ముందు సీట్ల మధ్యలో ఉన్నాయి, ఆమె కూర్చునేది ఎడమ కిటికీ పక్కన. పొట్టి వైరు, దానికి అడాప్టర్, మధ్యలో ఒక అతుకు. అతుకు చుట్టూ టేపు చుట్టాను గానీ, ఆ రోజు మా షెడ్డులో పొడిగా ఉన్నది ఒక్కటీ లేదు. టేపు కూడా చెమటపట్టి ఉంది.

లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. ఆమెకి హెడ్‌సెట్ పెట్టి, మైకు పెదవికి తగిలేలా వంచాను. "ఇది కొరకాలా అప్పా?" అని అడిగింది. అక్కని అప్ప అంటారు అటువైపు. కొరకక్కర్లేదు, ముద్దు పెట్టుకోబోయి ఆగిపోయినట్టు ఉంటే చాలన్నాను. ఆ పరిస్థితిలో కూడా ఆమె పెదవి చివర ఒక నవ్వు తొంగి చూసి పోయింది. ఇంజను స్టార్టయ్యాక కెప్టెన్ ఆమెని మాట్లాడమన్నాడు. తర్వాత అతనే చెప్పాడు, ఏమన్నదో. ఎంత గట్టిగా అరిచిందంటే, అతను "మెల్లగా అమ్మా, నేను నీ పక్కనే ఉన్నాను" అనాల్సి వచ్చిందట. ఆమె, "సంద్రం మీద మెల్లగా మాటాడితే ఎవులికి ఇనపడతాది బాబూ?" అందట.

రేడియో గది నుంచి జవాబు వచ్చినట్టుంది. కెప్టెన్ వెనక్కి తిరిగి బొటనవేలు పైకెత్తి చూపించాడు. నాకేసి బొటనవేలు ఎత్తడం అదే మొదటిసారి.

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోటు దాటాం. నది నీళ్ళు ఎర్రగా, చాలా దూరం దాకా సముద్రంలోకి చాపలా పరచుకుని ఉన్నాయి. మేఘాలు కిందికి వేలాడుతున్నాయి, వాటి కింద విమానం కుదుపులు పెడుతోంది. కెప్టెన్ నీటివాలు దక్షిణానికి ఉందని లెక్కగట్టి అటు తిప్పాడు. ఆమె కూడా అటే చెయ్యి చూపింది. రెక్క నెత్తిమీద ఉండే విమానం కాబట్టి కిందికి బాగా కనబడుతుంది. చూడటం మాత్రం అనుకున్నంత సులువు కాదు. ప్రతి నురుగూ పడవలా ఉంటుంది. ఒకసారి ఆమె చెయ్యి విసిరింది, విమానం వాలి తిరిగింది. కిందికి దిగి చూస్తే, నదిలోంచి కొట్టుకొచ్చిన పెద్ద మాను. ఆమె మొహం కిటికీ అద్దానికి ఆనించి అలాగే ఉండిపోయింది. నేను ఆమె మోకాలు మీద చెయ్యి వేశాను.

చెవుల్లో దూది ఉన్నవాళ్ళకి ఒక లాభం ఉంటుంది. వినపడనివాళ్ళు మొహాలు చూస్తారు. నా కిటికీలోంచి నీళ్ళు చూసి చూసి, కళ్ళు మండి, ఒక్క క్షణం ఇటు తిరిగాను. ఆమె నోరు కదులుతోంది. మామూలుగా కాదు, మెడ నరాలు తాళ్ళలా లేచేలా అరుస్తోంది. ఎడమ చెయ్యి అద్దం మీద కొడుతోంది. కెప్టెన్ తల మాత్రం నిటారుగా ముందుకే ఉంది. ఒక్క వెంట్రుక కదలలేదు.

కిందికి చూశాను. ఆమె కిటికీ మీదికి వంగేసరికి పొట్టి వైరు లాక్కుని, అతుకు దగ్గర ప్లగ్గు ఊడి వచ్చి, స్ప్రింగులా ఆమె ఒళ్ళోకి ఎగిరి పడింది. టేపు అడాప్టర్‌కి ఒకవైపు తడిగా వేలాడుతోంది. ఆమె మాట ఎవరికీ పోవడం లేదు. తనకి ఆ సంగతి తెలియదు. భర్త పడవని విమానం దాటిపోతుంటే, ఎవరూ పట్టించుకోవడం లేదనుకుంటోంది.

కెప్టెన్ భుజం తట్టవచ్చు. తట్టితే అతను వెనక్కి చూస్తాడు, నేను చేత్తో ఏదో చూపిస్తాను, అతనికి ఏదో అర్థమవుతుంది. ఎటు, ఎంత దూరం అన్నది ఆమె నోట్లోనే ఉంటుంది. నేను సీటు బెల్టు వదులు చేసుకుని ముందుకి వంగి, ప్లగ్గుని అడాప్టర్లోకి గుచ్చి, ఆ అతుకుని పిడికిట్లో బిగించాను. రెండో చేత్తో ఆమె వైరుని నావైపు లాగి పట్టుకున్నాను, ఆమె ఎంత వంగినా అతుకు మీద బరువు పడకుండా.

అప్పుడు కెప్టెన్ తల తిరిగింది.

ఆ తర్వాత జరిగింది అతను మా అందరికీ ఎన్నోసార్లు చెప్పాడు. తక్కువ మాటల మనిషి, ఈ ఒక్క కథ మాత్రం పూర్తిగా చెప్పేవాడు. చెవిలో ఒక్కసారిగా, "...ఆపు బాబూ, ఆపు! ఎనక్కి పోనీ! పసుప్పచ్చ ముక్క, నా సీరే అది!" అని పిడుగు పడిందట. "విమానం ఆగదమ్మా. తిరుగుతుంది. కనబడ్డది ఏ వైపు?" అన్నాడట. "నీ సెయ్యి పక్క! రెక్క సివరన! ఇప్పుడు ఎనక్కెల్లిపోనాది!"

విమానం ఎడమకి ఒరిగింది. నాకు ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. ఇంకో చుట్టు తిరిగాక, ఆమె భుజం మీదుగా చూశాను. నీలం పడవ, సగం నీళ్ళు నిండి బరువుగా ఊగుతోంది. దాని మీద పసుపు అతుకుల పరదా. మనుషులు చేతులు ఊపుతున్నారు.

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది. మళ్ళీ లెక్కపెట్టింది. నాలుగు వేళ్ళు నాకు చూపించింది. నేనూ లెక్కపెట్టాను. నలుగురే. అంత ఎత్తు నుంచి ఎవరు ఎవరో తెలియడం లేదు.

రన్‌వేకి మాట అందాలంటే విమానం పైకి వెళ్ళాలి. కెప్టెన్ పైకి ఎక్కించి, చోటు చెప్పాడు. రేడియో గదివాడు తిరిగి చదివి వినిపించాడు. ఒక్క అంకె తప్పలేదు. అక్కణ్ణుంచి ఫోన్లో గస్తీ ఓడకి వెళ్ళింది. ఓడ పొగ దూరాన కనబడేదాకా మేము ఆ పడవ చుట్టూ తిరుగుతూనే ఉన్నాం. పెట్రోలు ముల్లు దిగి, ఇక వెనక్కి వెళ్ళాల్సిందే అని కెప్టెన్ చెప్పేదాకా ఆమె మాట్లాడింది. ఎవరితోనో కాదు, కింద ఉన్నవాళ్ళతో. వాళ్ళకి వినబడదని ఎవరూ ఆమెకి చెప్పలేదు. కెప్టెన్, కుర్రాడు ఇద్దరూ విన్నారు. ఏమందో ఇద్దరూ ఎప్పుడూ చెప్పలేదు. నేను అడగలేదు.

పిడికిలి మాత్రం నేను వదల్లేదు. వేళ్ళు తిమ్మిరెక్కి, చెయ్యి నాది కాదన్నట్టు అయింది. దిగి రన్‌వే మీద చక్రాలు ఆగాక, స్టోర్‌కీపరు తలుపు తీసి, నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. "ఇడిచీ సెల్లెమ్మా, ఇడిచీ. వచ్చీసినారు" అంటూ.

ఆమె విమానం రెక్క కింద నేల మీద కూర్చుండిపోయింది. "ఐదుగుర్లో ఒకడు నేడు అప్పా. ఎవుడు నేడో తెలీదు" అంది. నేను పక్కన కూర్చున్నాను. రేడియోలు బాగుచేసేదాన్ని, ధైర్యం చెప్పే విద్య రాదు. స్టోర్‌కీపరు టీ తెచ్చాడు. ఇద్దరి గ్లాసుల్లోనూ చల్లారిపోయింది.

చివరికి రేడియో గదిలోంచి కుర్ర పైలట్ పరుగెత్తుకొచ్చాడు. బురదలో ఒక షూ ఊడిపోయినా ఆగలేదు. "ఐదుగురు! ఐదుగురున్నారు! ఒకాయనకి కాలు విరిగి పరదా కింద పడుకున్నాడట. అందుకే మనకి కనబడలేదు!"

"కాలిరిగిందెవులికి?" అంది ఆమె.

"మీ ఆయనకే అట."

"ఇరిగితే ఇరిగింది" అని, అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే చల్లారిన టీ మొత్తం తాగేసింది. కెప్టెన్ అటు తిరిగి, అవసరం లేకపోయినా విమానం టైరు తట్టి చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత మా ఆఫీసులో కొన్ని మార్పులు జరిగాయి. విమానం హెడ్‌సెట్లు కింది అరలోంచి మేకుల మీదికి ఎక్కాయి. హెలికాప్టరు వాటికి, విమానం వాటికి వేరే రంగు గుడ్డముక్కలు కట్టాం. అడాప్టర్ అతుకు ఊడకుండా గట్టి క్లిప్పులు తెప్పించాను. అత్యవసరానికి అడాప్టర్లు ఎవరైనా అడిగితే, ప్రతి పైలట్‌తోనూ అన్ని సీట్లలో ఒకేసారి పెట్టించి, మాట్లాడించి చూశాకే ఇచ్చేదాన్ని. ఒక్కొక్కటిగా చూస్తే అన్నీ మంచివే. అందరూ కలిసి కూర్చున్నప్పుడు ఎవడు తాగేస్తున్నాడో తెలుస్తుంది. ఇది హెడ్‌సెట్ల గురించే చెబుతున్నాను. మీకు ఇంకేదైనా గుర్తొస్తే అది మీ ఆఫీసు సంగతి.

ఎవరైనా పతకం ఇచ్చారా అని అడుగుతారు పిల్లలు. ఇవ్వలేదు. నాకు కొరత కూడా లేదు. నా చేతి మీదుగా ఎన్నో కొత్త పరికరాలు వెళ్ళాయి. ఏ పరికరం చేసిన పనికైనా దాన్ని తయారుచేసినవాళ్ళకి సగం పేరు దక్కుతుంది. ఆ రోజు ఆ అతుకు పట్టుకున్న చెయ్యి మాత్రం అచ్చంగా నాది.

వానలు పూర్తిగా వెలిశాక ఆమె మమ్మల్ని భోజనానికి పిలిచింది. కెప్టెన్‌కి డ్యూటీ పడింది. నేనూ, స్టోర్‌కీపరూ కళింగపట్నం వెళ్ళాం. ఒడ్డున ఇసకలో వలలు పరిచి చేపలు ఎండబెట్టారు. ఆమె భర్త గుమ్మం ముందు కట్టు కట్టిన కాలు చాపుకుని, చిరిగిన వల ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయి, లేవలేక, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు చేరారు.

వాళ్ళలో ఒక ముసలమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది. "ఇమానం నడిపింది ఈవిడేనేటే?"

"నడిపిందెవులో బాబు" అంది ఆమె. "సంద్రం మీద నా మాట తెగిపోనాది పెద్దమ్మా. ఈ అప్ప దాన్ని పిడికిట్లో పట్టుకున్నాది. ఒడ్డుకొచ్చేదాకా ఇడవనేదు."

ముసలమ్మ దగ్గరకొచ్చి నా కుడిచెయ్యి పట్టుకుని, అరచెయ్యి పైకి తిప్పి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"సిన్న సెయ్యే" అంది.